మర్యాద కప్పు

ఒక పెద్ద అడవిలో పిల్లలు చెడుగుడు ఆడేవారు, పెద్దలు దెబ్బలాడేవారు. రెండూ ఒకే మైదానంలో, ఒకే వేళకు జరిగేవి. పిల్లల ఆటకు గీతలూ నియమాలూ ఉండేవి గనక పొద్దు వాలేసరికి ముగిసేది. పెద్దలది ఇంకా సాగేది, కొందరిది మర్నాటికి వాయిదా పడేది.

ఆట నేర్పేదీ, తీర్పు చెప్పేదీ సూరప్ప మాస్టారు. ఆయన చీమలు తినే అలుగు. ఒంటినిండా పొలుసులు, నోట్లో ఒక్క పన్నూ లేదు, మనసులో ఒక్క చెడ్డ ఆలోచనా లేదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎవరైనా గట్టిగా అరిస్తే ముక్కు పొట్టలో దూర్చి ఉండ చుట్టుకుపోయేవాడు. అది ఆ వంశం మొత్తానికీ ఉన్న అలవాటు, ఆయన్ని అని లాభం లేదు. తీర్పరి ఉండగా మారాక ఆట ఎలా సాగుతుంది? ఆయన మళ్లీ విప్పుకునేదాకా పిల్లలు గీత మీద కూచుని ఒకళ్ల పేలు ఒకళ్లు చూసుకునేవారు. ఒక సాయంత్రం ఆయన పధ్నాలుగుసార్లు చుట్టుకున్నాడు. పదిహేనోసారి వాలు మీద చుట్టుకుని, దొర్లుకుంటూ పోయి వాగులో పడ్డాడు.

అరిచేవాళ్లందరికీ పెద్ద, ఎలుగుబంటి గవర్రాజు. కొడుకు అబ్బులు కూతకు వెళ్తే గీత పక్కన నిలబడి ఈయన కూడా ఊపిరి బిగబట్టి "చెడుగుడు చెడుగుడు" అనేవాడు. కొడుకు దమ్ము అయిపోకముందే తండ్రి దమ్ము అయిపోయి కిందపడ్డ రోజులున్నాయి. దుప్పి వీరవేణి అరిచేది కాదు. తీర్పు నచ్చకపోతే తిన్నగా వెళ్లి మధ్య గీతను గిట్టతో చెరిపేసి వచ్చేది. కుందేలు దంపతులు తమ పదకొండుమంది పిల్లల్నీ ఏడుగురి జట్టులో వేయాలనీ, పదకొండుమందినీ నాయకుల్ని చేయాలనీ అర్జీ పెట్టారు.

ఇదంతా పొదల్లోంచి అడవిపందులు చూస్తుండేవి. ఆ మైదానం కింద మంచి దుంపలున్నాయని వాటి నమ్మకం. పిల్లలు ఆడుకునే చోటయితే వదిలేస్తామనీ, పెద్దలు కొట్టుకోవడానికి అడవిలో బోలెడు చోటుంది గనక దీన్ని తమకు ఇప్పించమనీ సభకు మొరపెట్టుకున్నాయి.

సభాధ్యక్షురాలు ఏనుగు గజలక్ష్మమ్మ. ఆవిడ రెండు వారాలు వెదురు నములుతూ ఆలోచించి తీర్పు చెప్పింది. వానలు పడేదాకా ఆటలు సాగవచ్చు. ఈలోగా మైదానంలో పెద్దవాళ్ల దెబ్బలాట ఒక్కటి జరిగినా మైదానం పందులది.

ఆ మాట విన్న రోజు పిల్లలెవరికీ తిండి సయించలేదు. అందరికంటే ఎక్కువ బెంగపడింది నూకరత్నం.

నూకరత్నం ముళ్లపంది పిల్ల. చెడుగుడంటే ప్రాణం. కానీ ఆమెను ఎగువ జట్టూ దిగువ జట్టూ కూడా చేర్చుకునేవి కావు. పిల్లలకు అభ్యంతరం లేదు గానీ, వాళ్ల తల్లిదండ్రులు మా వాడి అరచేతిలో ముల్లు దిగితే ఎవరిది పూచీ అని మాస్టారి మీద అరిచేవారు. మాస్టారు చుట్టుకుపోయేవాడు. అందుకని ఆ వేసవంతా నూకరత్నం ఒక్కతే వాగు ఒడ్డున సాధన చేసింది. ముళ్లన్నీ ఒంటికి అంటుకుపోయేలా పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి పరిగెత్తడం నేర్చుకుంది. తుమ్ము వస్తే తప్ప ఒక్క ముల్లు కూడా లేచేది కాదు. పట్టుకున్నా గుచ్చుకోనంత చదును చేసుకుని మాస్టారి దగ్గరకు వచ్చింది. ఆయన ఒళ్లంతా తడిమి చూసి, ఈ ఏడు నువ్వు దిగువ జట్టులో ఆడతావని మాట ఇచ్చాడు. ఇప్పుడు మైదానమే పోతుందంటున్నారు.

సరిగ్గా అప్పుడే కొండముచ్చు సుగుణాకరం అడవికి తిరిగొచ్చాడు.

ఆయన నాలుగేళ్లపాటు ఊళ్లో మనుషుల ఆటల బడి ప్రహరీగోడ మీద కాపురం చేశాడు. కిటికీలోంచి పాఠాలన్నీ విన్నాడట. మధ్యాహ్నం వాళ్ల కారియర్లలో పులిహోర కూడా తిన్నాడు గానీ ఆ సంగతి చెప్పేవాడు కాదు. వస్తూనే గజలక్ష్మమ్మను కలిసి, రోగం పిల్లల్లో లేదనీ తల్లిదండ్రుల్లో ఉందనీ, వాళ్లకు విలువలతో కూడిన క్రీడా మార్గదర్శనం అవసరమనీ విన్నవించాడు. ఆవిడకు సగం అర్థం కాలేదు. అర్థం కానిది మంచిదే అయి ఉంటుందని అనుమతి ఇచ్చింది.

మైదానం పక్కన, పొదల అవతల ఉన్న నేరేడు చెట్టు కింద తరగతి మొదలైంది. సుగుణాకరం అయిదు సూత్రాలు చెప్పాడు. గీత దగ్గర అరవకూడదు. తీర్పరితో వాదించకూడదు. ఎదుటి జట్టు బాగా ఆడితే చప్పట్లు కొట్టాలి. ఇంటికెళ్లే దారిలో ఆట ఊసెత్తి తిట్టకూడదు. ఓడిన పిల్లను నవ్వుతూ తీసుకెళ్లాలి. నిజం చెప్పొద్దూ, ఇవి మంచి మాటలే. నాకు ఆ కొండముచ్చు వాలకం మొదటినుంచీ గిట్టదు గానీ ఈ అయిదింటికీ వంక పెట్టలేను.

మొదటి వారం అద్భుతంగా గడిచింది. గవర్రాజు రెండు చేతులతో నోరు మూసుకుని ఆట చూశాడు. వీరవేణి నాలుగు కాళ్ల మీదా కూర్చుంది, లేస్తే గీత దగ్గరకు వెళ్లిపోతానని. సూరప్ప మాస్టారు పుట్టాక మొదటిసారి ఒక ఆటను ఆదినుంచి అంతందాకా విప్పుకునే ఉండి చూశాడు. చివరి భాగం ఇలా ఉంటుందని నాకిన్నాళ్లూ తెలియదని పిల్లలతో అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సుగుణాకరం నెలాఖరుకు సభకు నివేదిక పంపాలి. తల్లిదండ్రులు మంచివాళ్లయ్యారు అని రాస్తే ఒక్క ముక్కే అవుతుంది. ఎంత మంచివాళ్లయ్యారు, ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని రాస్తే పది ఆకులు నిండుతాయి. అందుకని మార్కులు పెట్టాడు.

చప్పట్లకు ఒకటి. ఎదుటి జట్టుకు నమస్కారానికి రెండు. ఓడిన పిల్లను నవ్వుతూ ఇంటికి తీసుకెళ్తే అయిదు. వానాకాలం ముందు ఎవరికి ఎక్కువ మార్కులుంటే వాళ్లకు మర్యాద కప్పు ఇస్తానన్నాడు. కప్పంటే ఎండిన సొరబుర్రే. దాని చుట్టూ నెమలి ఈకలు గుచ్చి, నేరేడు కొమ్మకు వేలాడదీశాడు.

మార్కులన్న మాట చెవిని పడగానే తరగతి తీరు మారిపోయింది. అంతవరకు కునుకు తీస్తున్న కుందేలు దంపతులు ముందు వరసకు వచ్చి కూర్చున్నారు. గవర్రాజు ఇంటికి వెళ్లి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఎన్ని చప్పట్లు కొడితే అయిదవుతాయి? ఓడిన పిల్ల ఒక్కటి ఉంటే చాలు. తన అబ్బులు ఓడటంలేదు, అదే తనకు పట్టిన శని.

"ఒరేయ్, రేపు నువ్వు ఓడిపోవాల్రా," అన్నాడు కొడుకుతో.

"ఎందుకు నాన్నా?"

"మంచితనం కోసంరా. ఇంకేమీ అడక్కు."

ఆ రాత్రి అడవిలో ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఈ మాటే నడిచింది. తెల్లారేసరికి నక్క ఒకటి నవ్వడం నేర్పిస్తానని ట్యూషన్ తెరిచింది. గవర్రాజు మూడు రోజులు సాధన చేసి, ఓడిన కొడుకు పక్కన నిలబడి చిరునవ్వు నవ్వాడు. కోరలన్నీ బయటపడ్డాయి. చూసిన కుందేళ్లలో ఇద్దరు స్పృహ తప్పారు. సుగుణాకరం అయిదు మార్కులూ వేసి, పక్కన 'అభ్యాసం అవసరం' అని రాశాడు.

ఆట సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. కూతకు వెళ్లినవాడు ఎవర్నీ ముట్టుకోడు, అవతలి గీతదాకా పోయి దమ్ము వదిలేసి నిలబడతాడు. పట్టుకోవాల్సినవాళ్లు పట్టుకోరు సరికదా, కాళ్లు చాపి ముట్టుకో బాబూ అని బతిమాలతారు. ఎవరు అవుటో తేల్చలేక సూరప్ప మాస్టారు తల పట్టుకున్నాడు. ఎవరూ అరవడంలేదు గనక చుట్టుకునే వీలు కూడా ఆయనకు లేకుండా పోయింది.

నూకరత్నం ఇలాంటి ఆటలోకి అడుగుపెట్టింది. వేసవంతా ఎదురుచూసిన మొదటి కూత. ముళ్లు అణచుకుని, దమ్ము బిగబట్టి, గీత దాటింది. ఎగువ జట్టు ఏడుగురూ ఆమె ముందు వరసలో నిలబడి ఉన్నారు, ప్రసాదానికి నిలబడినట్టు. ఆమె ఒక్కొక్కరినీ ముట్టుకుంది. ఏడుగురూ అవుటై, అమ్మానాన్నల దగ్గరకు పరిగెత్తారు. అక్కడ నవ్వులు సిద్ధంగా ఉన్నాయి. నూకరత్నం ఖాళీ మైదానంలో ఒక్కతే నిలబడింది, ఇంకా సగం ఊపిరి మిగిలే ఉంది.

అలా ఆమె జట్టు ప్రతిరోజూ గెలిచింది. దాంతో సొంత జట్టు తల్లిదండ్రులకు కోపం వచ్చింది. మా పిల్లలు ఓడే అవకాశం ఈ పిల్లవల్ల పోతోంది, అవతలి జట్టులో వేయండి అన్నారు. అవతలివాళ్లు మాకూ వద్దన్నారు. ఒకప్పుడు ముళ్లున్నాయని వద్దన్నారు, ఇప్పుడు గెలుస్తోందని వద్దంటున్నారు. చివరికి మాస్టారి పక్కన కూచోబెట్టి, ఎప్పుడో ఒకసారి దింపేవారు.

ఆమె తల్లి లోవమ్మ నోట్లో నాలుక లేని మనిషి. తరగతిలో చివరి వరసలో కూచునేది. గెలిచే పిల్ల తల్లికి ఆ అయిదు మార్కులెక్కడివి? సున్నా. సుగుణాకరం ఆమెను లేపి నిలబెట్టి అందరి ముందూ అడిగాడు.

"మీ అమ్మాయి ఎప్పుడు చూసినా గెలుస్తోంది. ఇంట్లో ఏం నేర్పుతున్నారమ్మా మీరు?"

లోవమ్మ ఇంటికొచ్చి కూతుర్ని ఒళ్లో కూచోబెట్టుకుని, ఒక్కసారి ఓడిపోవే తల్లీ, ఈ అవమానం పడలేకపోతున్నానంది.

"ఓడించేవాళ్లేరీ అమ్మా?" అంది నూకరత్నం. "నన్ను ఎవరైనా పట్టుకుంటే కదా. కాలు పట్టుకుని లాగి, మీద పడి, కదలనివ్వకుండా చేస్తే కదా. అది ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు."

అంది గానీ అక్కడే ఏడ్చేసింది. అయిదు సూత్రాల్లోనూ దీనికి జవాబు లేదు. లోవమ్మ కూతురి ముళ్లు ఒక్కొక్కటే సవరిస్తూ కూర్చుంది.

వానలకు వారం ఉందనగా కప్పు రోజు వచ్చింది. గవర్రాజుకూ వీరవేణికీ సరిసమానంగా తొంభై మార్కులు. ఆయన కొడుకు ఎగువ జట్టు, ఆమె కొడుకు దిగువ జట్టు. ఆఖరి ఆటలో ఎవరి జట్టు ఓడితే వాళ్లకు అయిదు మార్కులూ, దాంతోబాటు కప్పూ. గజలక్ష్మమ్మ ముఖ్య అతిథి. అడవిపందులు కూడా పిలవకుండానే వచ్చి గట్టు మీద వరసగా కూర్చున్నాయి.

ఆట మొదలైంది అనడానికి లేదు. రెండు జట్లూ గీతకు అటూ ఇటూ కూర్చున్నాయి. కూతకు ఎవరూ లేవలేదు. ఎండ అటునుంచి ఇటు తిరిగింది. గజలక్ష్మమ్మ ఒక కునుకు తీసి లేచింది. అప్పుడు గవర్రాజు చేతులు జోడించి వీరవేణి దగ్గరకు వచ్చాడు.

"మీ వాడు మంచి ఆటగాడండీ. ఈ ఆట మీరే గెలవాలి, ఆయ్."

"అయ్యో, అదేం మాటండీ," అంది వీరవేణి. "మీ అబ్బులు ముందు మావాడెంత? మీరే గెలవండి."

"లేదండీ, మీరు గెలిస్తే నాకు సంతోషం."

"మీ సంతోషం కోసం నేనెందుకండీ గెలవాలి?"

"గెలవమంటుంటే గెలవ్వేం?" అన్నాడు గవర్రాజు. గొంతు కొంచెం లేచింది. సూరప్ప మాస్టారి పొలుసులు కదిలాయి.

"నువ్వు గెలువు," అంది వీరవేణి, ఢీకొట్టబోతున్నట్టు తల దించి.

తర్వాత ఎవరు ముందు కొట్టారో ఈనాటికీ తేలలేదు. ఇద్దరూ ఎదుటివాళ్లే ముందు కొట్టారని కాక, ముందు తామే క్షమించామని వాదిస్తారు. ఎగువ తల్లిదండ్రులు గవర్రాజు వైపూ, దిగువవాళ్లు వీరవేణి వైపూ దిగారు. మీదే గెలుపు అంటే మీదే గెలుపు అని కరుచుకున్నారు. కుందేలు దంపతులు రెండు వైపులా చెరొకరు దూరారు, ఎటు ఓడినా ఇంట్లోకి మార్కులు వస్తాయని. సుగుణాకరం కప్పు చంకన పెట్టుకుని నేరేడు చెట్టెక్కబోతే ఎవరో తోక పట్టి లాగారు. ధూళి లేచింది. గుండ్రంగా ఉన్నదేదో చేతికి తగిలితే కప్పేనని గవర్రాజు అటూ వీరవేణి ఇటూ లాగారు. అది ఉండ చుట్టుకున్న సూరప్ప మాస్టారు.

గజలక్ష్మమ్మ తొండమెత్తి ఒక్క ఘీంకారం చేసింది. ధూళి అణగింది. సొరబుర్ర రెండు చెక్కలై పడి ఉంది, మాస్టారు రెండు ముక్కలు కాకుండా తప్పించుకున్నాడు. ఆవిడ మైదానం పందులకు ఇస్తున్నానంది. తల్లిదండ్రులకు మర్యాద ఇంకా రాలేదు గనక తరగతి ప్రతి సాయంత్రం, ఆటల వేళకే, నేరేడు చెట్టు కిందనే కొనసాగాలంది. వచ్చేదాకా సుగుణాకరం కూడా చెట్టు వదలకూడదంది.

ఆశ్చర్యమేమిటంటే తల్లిదండ్రులెవరూ బాధపడలేదు. కప్పు ఇంకా తేలలేదు కదా. హాజరుకు ఎన్ని మార్కులని ఒక్కసారిగా అడిగారు. అప్పటికే చెట్టెక్కేసిన సుగుణాకరం కిందికి చూసి ఏడుపు ముఖం పెట్టాడు. ఇది జరిగి చాలాకాలమైంది, ఆయన ఇప్పటికీ ఆ చెట్టు మీదే ఉన్నాడు. తెల్లారకముందే వచ్చి, నిన్న నా నమస్కారానికి రెండు వేయాల్సింది ఒకటే వేశారని తగువు పెట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఏడ్చింది పిల్లలే. పందులు రెండు రోజులు మైదానం మొత్తం తిరగేశాయి. నాలుగు దుంపలు దొరికాయి. అవీ చేదువి. మూడో రోజు తిట్టుకుంటూ వాగు అవతలికి వెళ్లిపోయాయి.

నాలుగో సాయంత్రం, పెద్దలు తరగతిలో ఉండగా, పిల్లలు మైదానం ఏమైందో చూద్దామని వెళ్లారు. గడ్డి లేదు, గీత లేదు, మోకాలి లోతు మెత్తటి దుక్కి. అబ్బులు ఒక గెంతు గెంతి పడ్డాడు. దెబ్బ తగల్లేదు. ఇంకోసారి పడ్డాడు. సూరప్ప మాస్టారు జట్లు మళ్లీ పంచి, తోకతో కొత్త గీత గీశాడు.

లోవమ్మ ఆ రోజు తరగతికి ఆలస్యమైంది, కూతురు కనిపించక వెతుక్కుంటూ మైదానం వైపు వచ్చింది. పొద చాటునుంచి చూసేసరికి నూకరత్నం కూతలో ఉంది. గీత దాటింది, కుడివైపు దుప్పి పిల్లను తప్పించుకుంది, కుందేలు పిల్ల ఒకదాన్ని తాకింది, వెనక్కి తిరిగింది. అబ్బులు దూకి కాలు పట్టుకున్నాడు. ఆమె ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసింది. మీద ఇంకొకడు పడ్డాడు, వాడి మీద ఇంకొకడు, చివరికి ఏడుగురి కింద ఆమె మూతి ఒక్కటే బయటికుంది. చెయ్యి చాపింది. గీత ఇంకా జానెడు దూరం. మట్టి ముక్కులోకి పోయి తుమ్మింది. ముళ్లన్నీ లేచాయి. ఒక్కడూ పట్టు వదల్లేదు.

లోవమ్మకు అరుపు గొంతుదాకా వచ్చింది. పంజా నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది.

కూత ఆగిపోయింది.

"అవుట్," అన్నాడు సూరప్ప మాస్టారు.

పిల్లలు ఒక్కొక్కరే లేచారు. అబ్బులు ముక్కుకు రెండు ముళ్లు, అరచేతికి మూడు. వాడు వాటిని చూసుకుని నవ్వుతున్నాడు. నూకరత్నం ఒంటినిండా మట్టితో లేచి నిలబడింది.

"నిజంగా అవుటా మాస్టారూ?"

"నిజంగానే తల్లీ. గట్టిగా పట్టుకున్నారు."

ఆమె గీత బయటికి వెళ్లి కూర్చుంది. ఓడిపోయి అంత సంతోషంగా కూర్చున్న పిల్లను నేనైతే చూడలేదు. మళ్లీ ఎప్పుడు లోపలికి రావచ్చునని అడుగుతూనే ఉంది.

లోవమ్మ కళ్లు తుడుచుకుని నేరేడు చెట్టు కిందికి వెళ్లింది. ఆలస్యానికి ఒక మార్కు కోశారు. సుగుణాకరం చెట్టు మీదనుంచి నీరసంగా అడిగాడు.

"ఇవాళైనా మీ అమ్మాయి ఎక్కడన్నా ఓడిందా అమ్మా?"

తరగతి అంతా ఆమె వైపు తిరిగింది. ఓడింది అంటే అయిదు మార్కులు. ఇన్నాళ్ల తలవంపులు ఒక్క మాటతో తీరిపోతాయి. ఎక్కడ ఓడింది, ఎవరు ఓడించారు అని అడుగుతారు. అడిగి, అందరూ లేచి మైదానానికి పరిగెడతారు.

"లేదండీ," అంది లోవమ్మ. "మా అమ్మాయి ఇంట్లోనే ఉందండీ. ఇవాళ ఆడనే లేదు."

సుగుణాకరం మళ్లీ సున్నా వేశాడు. గవర్రాజు జాలిగా తల ఊపి, అలాంటి పెంపకం మన పిల్లలకు రాకూడదని పక్కవాళ్లతో అన్నాడు. లోవమ్మ చివరి వరసలో తన చోటికి వెళ్లి కూర్చుని, చప్పట్లు కొట్టమన్నప్పుడు అందరికంటే గట్టిగా కొట్టింది.

నీతి: పెద్దలకు విలువలు నేర్పడం ఎన్నటికీ ఆపకూడదు, ఆపితే వాళ్లు మైదానానికి వచ్చేస్తారు.